అనంతలో సాధారణ వర్షపాతం, కరువు ఒకే ఏడాది ఎలా వస్తాయి?

సెప్టెంబరు ఆఖరులో పత్రికల జిల్లా పేజీ తిరగేస్తే రెండు వార్తలు పక్కపక్కనే కనిపించడం అనంతపురం వాళ్లకు కొత్త కాదు. ఈ సీజన్‌లో జిల్లా వర్షపాతం సాధారణమేనని అధికారుల లెక్క ఒకటి. శనక్కాయ చేలు ఎండిపోయాయి, మా మండలాన్ని కరువు జాబితాలో చేర్చండి అంటూ రైతుల ధర్నా ఇంకొకటి. చదివినవాళ్లకు రెండింటిలో ఏదో ఒకటి అబద్ధమై ఉండాలనిపిస్తుంది. చాలా ఏళ్లలో రెండూ నిజమే. మొదటిది కురిసిన వాన మొత్తం చెబుతుంది. రెండోది వానకూ వానకూ మధ్య ఎన్ని రోజులు పోయాయో, ఆ రోజులను నేల ఎంతవరకు తట్టుకుందో చెబుతుంది. ఈ జిల్లాలో పంటను నిలబెట్టేదీ పడగొట్టేదీ రెండో లెక్కే.

ఇక్కడ అనంతపురం అంటే 2022 ఏప్రిల్‌లో విడిపోకముందున్న ఉమ్మడి జిల్లా. 63 మండలాలు, సుమారు 19,130 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడది అనంతపురం, శ్రీ సత్యసాయి అని రెండు జిల్లాలు. పాత వర్షపాతం లెక్కలన్నీ ఉమ్మడి జిల్లావే కాబట్టి వాటితోనే మొదలుపెట్టాలి.

దేశంలో రెండో అతి తక్కువ వానల జిల్లా అన్న మాట ఎంతవరకు నిజం?

జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడేది అనంతపురంలోనే అన్న వాక్యం పాఠ్యపుస్తకాల్లోంచి అసెంబ్లీ ప్రసంగాల దాకా తిరుగుతూనే ఉంటుంది. అక్షరాలా తీసుకుంటే అది నిలవదు. అనంతపురం ఏడాది సగటు సుమారు 552 మిల్లీమీటర్లు. పశ్చిమ రాజస్థాన్‌లో జైసల్మేర్ ఒక్కటే కాదు, బాడ్మేర్, బికనేర్ లాంటి జిల్లాల్లోనూ ఇందులో సగం దరిదాపుల్లోనే కురుస్తుంది. లడఖ్‌లోని లేహ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అయినా ఆ మాట అంతగా పాతుకుపోవడానికి కారణం ఉంది. దక్షిణాదిలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటన్నది నిజం. పాత రాయలసీమ నాలుగు జిల్లాల్లోనే చిత్తూరు సగటు 900 మిల్లీమీటర్లు దాటుతుంది. పైగా రాజస్థాన్ ఎడారి జిల్లాల్లో బతుకు చాలావరకు పశువుల మీద, సజ్జ మీద, కాలువ నీటి మీద అల్లుకుంది. అనంతపురంలో మాత్రం లక్షల హెక్టార్లలో వాననే నమ్ముకుని శనక్కాయ అనే ఒకే నూనెగింజ పంట వేశారు. కాబట్టి వాన మొత్తంలో రెండో స్థానం కాకపోయినా, వాన తప్పితే పోయే పంట విస్తీర్ణంలో ఈ జిల్లా ముందు వరుసలోదే.

కనుమల వెనక, సముద్రానికి దూరంగా

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీంచి తడిగాలిని మోసుకొస్తాయి. పశ్చిమ కనుమలు ఆ గాలిని పైకి నెడతాయి. పైకి వెళ్లిన గాలి చల్లబడి, తడిని అక్కడే వదిలేస్తుంది. కర్ణాటకలో కనుమల మీదున్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అక్కణ్నుంచి అనంతపురం సుమారు 300 కిలోమీటర్లు. కనుమలు దాటి కిందికి దిగే గాలి వేడెక్కి, మేఘాన్ని కట్టే బదులు చెదరగొడుతుంది. దీన్నే వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు.

జూన్, జులై, ఆగస్టు నెలల్లో జిల్లాలో పడమటి గాలి విపరీతంగా వీస్తుంది. రామగిరి, కదవకల్లు, నల్లకొండ గుట్టల మీద గాలిమరలు వెలిసింది ఈ గాలి కోసమే. మరలు జోరుగా తిరిగే రోజుల్లో ఆకాశం నిండా మబ్బులుంటాయి, రాలేది మాత్రం తుంపరే. ‘రుతుపవనాలు చురుగ్గా ఉన్నాయి’ అని టీవీలో చెప్పే వారాలు చాలావరకు ఇవే. ముంబయికి, కోస్తా కర్ణాటకకు అది వాన కబురు. అనంతపురానికి గాలి కబురు. గాలి ఊరికే పోదు, నేలలో ఉన్న కాస్త తడినీ లాగేస్తుంది.

దీనికి తిరకాసు ఇంకొకటుంది. దేశం నడుమ ఉండాల్సిన రుతుపవన ద్రోణి, అంటే అల్పపీడన పట్టీ, హిమాలయాల పాదాల దాకా జరిగినప్పుడు దేశంలో ఎక్కువ భాగం ఎండగొడుతుంది. వాతావరణ శాస్త్రవేత్తలు దాన్ని రుతుపవన విరామం అంటారు. సరిగ్గా అప్పుడే ద్వీపకల్పం ఆగ్నేయ భాగంలో, అంటే తమిళనాడు, రాయలసీమల్లో పడమటి గాలి నెమ్మదించి, మధ్యాహ్నం ఎండకు మేఘాలు నిలువునా పెరిగి సాయంత్రం ఉరుములతో వానలు పడతాయి. దేశం వార్తల్లో రుతుపవనాలు మందగించాయన్న వారం అనంతపురంలో చేను తడిసే వారం కావచ్చు. దేశ స్థాయి వార్త విని జిల్లా వానను అంచనా వేసేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

రెండో దారి బంగాళాఖాతం. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల కాలంలో అల్పపీడనాలు, వాయుగుండాలు నెల్లూరు, చెన్నై వైపు తీరం దాటుతాయి. వాటి తడి తీరప్రాంతంలో, నల్లమల, వెలిగొండ, శేషాచలం కొండల వరుసల్లో చాలావరకు దిగిపోతుంది. అనంత దాకా వచ్చేది మిగిలిన పాలు. పడమటి సముద్రపు వానకు ఈ జిల్లా చివరి ఊరు, తూర్పు సముద్రపు వానకూ చివరి ఊరే.

నెలలు, కార్తెలు: ఏడాది ఎలా నడుస్తుంది

చాలాకాలంగా వాడుకలో ఉన్న జిల్లా సగటుల ప్రకారం నైరుతి నాలుగు నెలల వాన 338 మిల్లీమీటర్లు: జూన్‌లో సుమారు 64, జులైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబరులో 118. ఈశాన్య కాలంలో 156: అక్టోబరులో 111, నవంబరులో 35, డిసెంబరులో 10. మిగిలిన 58 మిల్లీమీటర్లలో ఎక్కువ భాగం ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలే. వాటితో వడగళ్లు, పెనుగాలి కూడా వస్తాయి. అరటి, బొప్పాయి తోటలు ఒక్క సాయంత్రంలో నేలకొరిగేది అప్పుడే.

ఈ వరుసలో గమనించాల్సింది ఒకటే. కోస్తా కర్ణాటకలో జులై ఉచ్చస్థితి అయితే ఇక్కడ జులై బలహీనమైన నెల. వాన శిఖరం సెప్టెంబరులో ఉంది, అక్టోబరు దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. విత్తనం మాత్రం జూన్ రెండో పక్షం నుంచి జులై ఆఖరులోపు పడాలి. అంటే పంట పుట్టేది వాన తక్కువ నెలల్లో.

ఈ సంగతి కార్తెల లెక్కలో ఎప్పటి నుంచో ఉంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులను ఒక కార్తె అంటారు. మృగశిర జూన్ రెండో వారంలో, మఖ ఆగస్టు 17 దరిదాపుల్లో, పుబ్బ ఆ నెలాఖరులో, ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. ‘మఖ పుబ్బలు వరపైతే మీ అన్న సేద్యం, నా సేద్యం మన్నే’ అన్న సామెతను (వరపు అంటే బెట్ట, వాన లేని ఎండకాలం) పంట వయసు పక్కన పెట్టి చూడండి. జులై 10న వేసిన శనక్కాయకు ఆగస్టు మొదటి పక్షంలో పూత మొదలవుతుంది. 40 నుంచి 60 రోజుల మధ్య, అంటే ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 8 దాకా, ఊడలు దిగుతాయి. మఖ, పుబ్బ కార్తెలు సరిగ్గా అవే. పూత రాలిన చోటు నుంచి సూదిలా కిందికి సాగే ఊడ మెత్తటి నేలలోకి దిగితేనే కొనన కాయ కడుతుంది. ఎర్రనేల ఆరితే పైన గట్టి పొర కడుతుంది. దాన్ని చీల్చలేని ఊడ గాలిలోనే ఎండిపోతుంది. వారం తర్వాత వాన పడినా ఎండిన ఊడ మళ్లీ దిగదు. చేను పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే చెట్టుకు రెండు మూడు కాయలు.

అదే పంట మొదటి ఇరవై రోజుల్లో కాస్త బెట్టకు గురైతే నష్టం అంతగా ఉండదు. పూత ఒకేసారి రావడానికి అది కొంత మేలే చేస్తుంది. వారం రోజుల ఎండ ఎప్పుడొచ్చిందన్నది తెలియకుండా ఎన్నాళ్లు వచ్చిందన్నది చెబితే సగం కథే చెప్పినట్టు.

జిల్లా అంతా ఒకే తీరుగానూ ఉండదు. అనంతపురం పట్టణం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంటే హిందూపురం 600 మీటర్లు దాటి ఉంది. వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రుల పైచిలుకు తగ్గుతుందన్న మామూలు లెక్కన హిందూపురం, మడకశిర, రొళ్ల, అగళి వైపు దాదాపు రెండు డిగ్రుల చల్లదనం. మల్బరీ, పట్టుపురుగుల పెంపకం అటువైపు నిలదొక్కుకోవడంలో దీని పాత్ర ఉంది.

నేల ఎంత నీళ్లు దాచుకోగలదు

జిల్లాలో ముప్పాతిక భాగానికి పైగా ఎర్రనేలలు. చాలాచోట్ల అడుగు, అడుగున్నర తవ్వితే గరుసు తగులుతుంది. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేల ఒక మీటరు లోతుకు మొక్క తీసుకోగలిగిన నీళ్లు సుమారు 100 నుంచి 120 మిల్లీమీటర్లు పట్టుకుంటుంది. లోతు 30 సెంటీమీటర్లే ఉంటే పట్టుకునేది 30 నుంచి 36 మిల్లీమీటర్లు. లెక్క సులువుగా ఉండటానికి 35 అనుకుందాం. చేనుకు రోజుకు 4 మిల్లీమీటర్లు కావాలంటే ఈ తొట్టి నిండుగా ఉన్నా తొమ్మిది రోజులకు ఖాళీ అవుతుంది.

తాడిపత్రి, ఉరవకొండ, విడపనకల్లు, గుంతకల్లు వైపు నల్లరేగడి నేలలున్నాయి. అక్కడ మీటరు లోతుకు 180 మిల్లీమీటర్ల వరకు నిలుస్తుంది. అదే నాలుగు మిల్లీమీటర్ల లెక్కన నెలన్నర నీళ్లు. అందుకే అక్కడ సెప్టెంబరు, అక్టోబరు వానలను నేలలోకి ఎక్కించుకుని, వాన వెళ్లిపోయాక శనగ వేస్తారు. ఆ తర్వాత ఒక్క చినుకు పడకపోయినా పంట చేతికొచ్చిన ఏళ్లున్నాయి. ముంగారు (ఖరీఫ్) పంట పోయింది, హింగారు (రబీ) పంట దక్కింది అన్న మాట ఈ మండలాల్లో వినిపిస్తుంది. కదిరి, ధర్మవరం ఎర్రనేలల్లో బోరు లేని రైతుకు ఆ రెండో అవకాశం లేదు.

రైతులు వానను మిల్లీమీటర్లలో కాక పదునులో కొలవడం వెనక ఈ లెక్కే ఉంది. సుమారు 25 మిల్లీమీటర్ల వాన పొడి ఎర్రనేలను జానెడు లోతు తడుపుతుంది. గొర్రు పట్టి విత్తడానికి ఆ తడి చాలు, అదే పదును. ఐదు మిల్లీమీటర్ల జల్లు పైన రెండంగుళాలు తడిపి, మర్నాటి గాలికి ఎగిరిపోతుంది. మబ్బు చూసి ఆ జల్లు మీదే విత్తితే గింజ మొలకెత్తుతుంది, వేరు దిగేలోపు నేల ఆరిపోతుంది. విత్తనం ఖర్చు పోయి మళ్లీ విత్తాల్సిన పరిస్థితి ఎక్కువగా ఇలాగే వస్తుంది. వాతావరణ శాఖ లెక్కలో మాత్రం 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు పడితే అది వర్షపు దినం. ఆ గీటురాయి దేశమంతటికీ ఒకటే. ఎర్రనేలకు అది చాలదు.

ఒకే 89 మిల్లీమీటర్లు, రెండు ఆగస్టులు

ఇప్పుడు రెండు ఊళ్లను ఊహించుకుందాం. రెండింటిలోనూ ఆగస్టు వాన దాదాపు సగటుకు సమానం, 89 మిల్లీమీటర్లు.

మొదటి ఊళ్లో ఒకటో తేదీన, తొమ్మిదిన, పదిహేడున, ఇరవై ఐదున 22 మిల్లీమీటర్ల చొప్పున పడింది, మధ్యలో ఎప్పుడో ఒక తుంపర. ప్రతి వానా నేలలో ఇంకిపోతుంది. రోజుకు 4 లెక్కన ఐదున్నర రోజులు సరిపోతుంది. రెండున్నర రోజులు ఆకు వాడుతుంది, మళ్లీ వాన. శనక్కాయ ఈ మాత్రం ఓర్చుకుంటుంది.

రెండో ఊళ్లో మూడో తేదీ రాత్రి రెండు గంటల్లో 80 మిల్లీమీటర్లు కుమ్మరించింది. మిగతా నెలంతా కలిపి మూడుసార్లు 3 మిల్లీమీటర్ల జల్లు. నేల పట్టుకున్నది 35. మిగిలిన 45 వంకల్లోకి పారింది, లేదా వేళ్లకు అందని లోతుకు దిగింది. తొట్టి పన్నెండో తేదీకి ఖాళీ. అక్కడి నుంచి నెలాఖరు దాకా 19 రోజులు పంటకు పనికొచ్చే చుక్క లేదు. జల్లులు పడిన రోజుల్లో పైమట్టి రంగు మారింది, అంతే.

నెలవారీ నివేదికలో రెండు ఊళ్లకూ ఒకే అంకె, ఒకే మాట: సాధారణం. మొదటి ఊళ్లో ఊడలు దిగాయి. రెండో ఊళ్లో మఖ వరపైంది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. మొదటి ఊరి వాన కూడా పంటకు కావలసినంత కాదు. ఆగస్టు మొత్తానికి చేను అడిగేది 31 రోజులకు 124 మిల్లీమీటర్లు, వచ్చింది 89. ఇక్కడ గాలి, ఎండ కలిసి ఏడాదిలో పీల్చుకోగలిగిన నీరు సుమారు 1,800 మిల్లీమీటర్లు, కురిసే వానకు మూడింతల పైమాటే. బాగా పండిన ఏడాది కూడా ఇక్కడి పంట అంచు మీదే నడుస్తుంది. అందుకే పంపిణీలో చిన్న తేడా కూడా దిగుబడిలో పెద్ద తేడా అవుతుంది.

శాతాలు ఎక్కడ దారి తప్పిస్తాయి

వాతావరణ శాఖ సగటు కంటే 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ వరకు పడిన వానను సాధారణం అంటుంది. 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు, 60 నుంచి 99 శాతం తగ్గితే తీవ్ర లోటు. పైవైపు 20 దాటితే అధికం, 60 దాటితే అత్యధికం.

338 మిల్లీమీటర్ల మీద 19 శాతం తగ్గితే 274. అంటే 274 నుంచి 402 దాకా ఎంత పడినా పేరు ఒకటే. ఇప్పుడు ఒక సీజన్ చూడండి. జూన్, జులై కలిపి 60, ఆగస్టులో 60, సెప్టెంబరులో 160 పడ్డాయనుకుందాం. ఆగస్టు 31 నాటికి రావాల్సింది 220, వచ్చింది 120, లోటు 45 శాతం. సెప్టెంబరు 30 నాటికి మొత్తం 280, తేడా 17 శాతం. కాబట్టి సాధారణం. ఒక్క నెలలో నివేదిక ఎర్రరంగు నుంచి పచ్చరంగుకు మారిపోయింది. విత్తనం పడని పొలాల్లో అప్పటికి అదను దాటింది, విత్తిన పొలాల్లో ఊడలు ఎండాయి. 

ఆలస్యంగా ఆగస్టులో విత్తినవాళ్లకు ఇంకో గండం. 110 రోజుల పంట నవంబరులో కోతకొస్తుంది. కదిరి-6 లాంటి, గుత్తులుగా కాసే రకాల గింజకు నిద్రావస్థ దాదాపు ఉండదు. పక్వానికొచ్చిన కాయ తడి నేలలో నాలుగు రోజులుంటే లోపలే మొలకెత్తుతుంది. పీకి కుప్పవేసిన కట్టె, అంటే శనక్కాయ మొక్క, తడిసి నల్లబడితే పశువులు ముట్టవు. వాన కోసం ఎదురుచూసిన రైతే వాన వద్దని మొక్కుకునే పరిస్థితి.

చేనుకు నష్టం, చెరువుకు లాభం

రెండో ఊళ్లో వృథాగా పోయిందన్న 45 మిల్లీమీటర్ల సంగతి మళ్లీ చూడాలి. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు అంటే 10,000 లీటర్లు. 45 అంటే హెక్టారుకు నాలుగున్నర లక్షల లీటర్లు. అది చేనుకు దక్కలేదు గానీ వంక పారి చెరువు చేరింది. ధర్మవరం, బుక్కపట్నం, బుక్కరాయసముద్రం లాంటి పాత చెరువులు నిండేది ఇలాంటి కుండపోతతోనే. సన్నగా, క్రమంగా పడే వాన పంటకు ప్రాణం, చెరువుకు ఏమీ కాదు. కింద గట్టి రాతి పొర ఉన్న ఈ జిల్లాలో బోర్లకు నీరు చేరేదీ చాలావరకు పగుళ్ల గుండానే. నాలుగు జోరువానలు పడి చెరువులు నిండిన ఏడాది చీనీ (బత్తాయి), దానిమ్మ తోటలున్నవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. వానాధారంగా శనక్కాయ వేసినవాళ్లకు అదే ఏడాది అప్పు మిగలవచ్చు. కరువా కాదా అని ఊళ్లో ఇద్దరిని అడిగితే రెండు జవాబులు రావడానికి ఇదో కారణం.

2021 నవంబరు 19న వాయుగుండం చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటినప్పుడు నవంబరు సగటు 35 మిల్లీమీటర్లే ఉన్న ఈ జిల్లాలో చిత్రావతి, పెన్నా పొంగాయి. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. ఏళ్ల తరబడి పారని వంక పూడిపోతుంది, దాని గట్టు మీద ఇళ్లు వెలుస్తాయి. తక్కువ వాన పడే జిల్లాలో వరద నష్టం ఎక్కువ కావడంలో ఆకాశం కంటే నేల మీది ఆక్రమణల వాటాయే పెద్దది.

పారే నీటిని పొలంలోనే ఆపాలన్న ఆలోచన సేద్యపు కుంటల వెనక ఉంది. పదికి పది మీటర్లు, రెండు మీటర్ల లోతు కుంట నిటారు గోడలతో ఉంటే 200 ఘనపు మీటర్లు పడుతుంది, ఏటవాలు గట్లతో అంతకంటే తక్కువ. ఎకరాకు 20 మిల్లీమీటర్ల ఒక తడికి కావలసింది సుమారు 80 ఘనపు మీటర్లు. కాగితం మీద ఎకరాకు ఒకటో రెండో ప్రాణతడులు. చిక్కేమిటంటే ఎర్రనేలలో కుంట అడుగు ఇంకిపోతుంది. పూత వేయని కుంటలో నీరు, ఆ నీరు అవసరమయ్యే బెట్ట రోజుల దాకా చాలాసార్లు నిలవదు. ఇంకిన నీరు పక్క బోరుకు మేలు చేస్తుంది కాబట్టి కుంట వ్యర్థమనలేం, తవ్వించిన ఉద్దేశం మాత్రం నెరవేరదు.

వాన ఎక్కడ కొలిచారు?

63 మండలాలు, 19,130 చదరపు కిలోమీటర్లు. సగటున మండలానికి 300 చదరపు కిలోమీటర్లు. మండల కేంద్రంలోని ఒక వర్షమాపకం ఆ మొత్తానికి సాక్షి అయితే ఏమవుతుందో చెప్పడం కష్టం కాదు. సాయంత్రం పూట ఉరుముల మేఘం ఐదారు కిలోమీటర్ల మేర కురిసి వెళ్లిపోతుంది. మాపకం మీద కురిసి పది కిలోమీటర్ల అవతలి ఊరిని వదిలేయవచ్చు, అటుదిటు కూడా కావచ్చు. ఇప్పుడు మండలంలో ఒకటికి మించి ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నచోట ఈ లోపం తగ్గింది గానీ పోలేదు. వాతావరణ ఆధారిత బీమాలో పరిహారం నిర్ణయించేది చేను కాదు, కేటాయించిన కేంద్రంలో నమోదైన అంకె. పంట పోయినా పరిహారం రాలేదన్న గొడవల్లో కొన్ని మోసం వల్ల కాదు, ఈ దూరం వల్ల పుడతాయి.

వాతావరణ సూచనల్లో మాటలకూ ఖచ్చితమైన అర్థాలున్నాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పావు వంతుకు మించకుండా. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా. ‘చాలా చోట్ల’ అంటే ముప్పాతిక దాకా. ప్రాంతం అంటే ఇక్కడ రాయలసీమ మొత్తం. తిరుపతి వైపు కురిసి అనంతపురంలో చినుకు పడకపోయినా ఆ సూచన తప్పినట్టు కాదు.

కరువు ప్రకటన ఏ లెక్కన?

2016లో కేంద్రం సవరించిన కరువు మాన్యువల్ రెండు మెట్లు పెట్టింది. మొదటిది వాన. సగటు నుంచి తేడాతో పాటు పొడి వారాలనూ చూస్తారు. వరసగా మూడు, నాలుగు వారాల పాటు ప్రతి వారం వాన ఆ వారపు సగటులో సగం కూడా పడకపోతే అది పొడి విరామం. సీజన్ మొత్తం సాధారణంగా ఉన్నా పొడి విరామం ఉంటే మొదటి మెట్టు దాటినట్టే. రెండో మెట్టులో సాగైన విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, నేలలో తడి, భూగర్భజలం, జలాశయాల మట్టం. తర్వాత ఎంపిక చేసిన గ్రామాల్లో పొలాలకు వెళ్లి చూడాలి. పెట్టుబడి రాయితీకి పంట నష్టం 33 శాతం దాటాలి.

సాధారణ వర్షపాతం, కరువు ఒకే ఏడాది ఎలా అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు ఇదే. ఆ మాన్యువల్ పొడి విరామాన్ని గుర్తించింది. అయినా పైన చెప్పిన రెండో ఊరిని అది పట్టుకుంటుందన్న హామీ లేదు. మూడో తేదీ కుండపోత మొదటి వారాన్ని గట్టెక్కిస్తుంది. మిగిలింది మూడు పొడి వారాలు. అందులో ఒక వారంలో 12 మిల్లీమీటర్ల జల్లు ఒక్కటి పడినా వరస తెగిపోతుంది. వారపు సగటు 20 ఉన్న చోట సగం దాటినట్టే కదా. చేనుకు ఆ 12 మూడు రోజుల తడి.

తప్పు వానదా, పంటదా?

ఒక వాదన ఇలా సాగుతుంది: ఇంత వానకు శనక్కాయ సరిపోదు, కొర్ర, సజ్జ, కంది, ఆముదం వేసుకుంటే కరువన్న మాటే ఉండదు. ఇందులో నిజముంది. కొర్ర మూడు నెలల లోపు కోతకొస్తుంది. కంది, ఆముదాల వేరు లోతుకు దిగుతుంది, పైగా సెప్టెంబరు, అక్టోబరు వాన ఇంకా పనికొచ్చే వయసులో అవి ఉంటాయి. వాన శిఖరానికి పంట కాలాన్ని సరిపెట్టడమే ఇందులో కిటుకు.

రెండో వాదన రైతుది. శనక్కాయ ఏడు లక్షల హెక్టార్లు దాటిపోయింది రైతులకు తెలివిలేక కాదు. బెట్టను తట్టుకునే వాణిజ్య పంటల్లో ఎర్రనేలకు అంత కుదిరింది మరొకటి దొరకలేదు. కాయ పోయినా కట్టె పశువులకు మేతగా మిగులుతుంది. అమ్మడానికి మార్కెట్ పక్కనే ఉంది. కొర్ర పండితే కొనేవాడెవడన్న ప్రశ్నకు జవాబు చాలాకాలం లేదు. ఈ రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. మొదటిది నేల, వాన లెక్క, రెండోది సంత లెక్క. శనక్కాయ విస్తీర్ణం ఇటీవలి ఏళ్లలో తగ్గుతూ రావడం చూస్తే రైతులు రెండు లెక్కలూ వేస్తూనే ఉన్నట్టు. శనక్కాయ సాళ్ల మధ్య కంది వేయడం ఆ రాజీకి పాత రూపం.

మేఘాల్లో రసాయనం చల్లి వాన రప్పించే మేఘమథనం మీద 2000ల మొదట్లో పెద్ద ఆశలుండేవి. అనంతపురం దానికి ముఖ్య వేదిక. విత్తడానికి తగిన మేఘం ఉంటేనే రసాయనం పనిచేస్తుంది. పొడి విరామంలో లేనిది ఆ మేఘమే. కాబట్టి అది వాన పడే రోజున కొంత పెంచిందా లేదా అన్నదాని మీద వాదించవచ్చు గానీ, ఎడాన్ని పూడ్చగలదని చెప్పడం కష్టం.

ఎల్ నినో, మారుతున్న వాతావరణం

వేడెక్కిన గాలి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. కురిసినప్పుడు గట్టిగా కురవడానికి, కురవని రోజుల్లో నేల త్వరగా ఆరడానికి రెండింటికీ అది దారి తీస్తుంది. అంటే మన రెండో ఊరి ఆగస్టు వైపు మొగ్గు. ఇది భౌతికశాస్త్రం, దీని మీద వివాదం లేదు. జిల్లా వాన మొత్తం పెరుగుతోందా తగ్గుతోందా అన్నచోట మాత్రం జాగ్రత్త అవసరం. ఏడాదికేడాదికి ఇంత ఊగే చోట లెక్క ఎక్కడ మొదలుపెట్టారన్నదే జవాబును మార్చేస్తుంది. 2002 లాంటి కరువు ఏడాది నుంచి గీత గీస్తే పైకి పోతుంది. మంచి వాన పడిన ఏడాది నుంచి మొదలుపెడితే కిందికి వస్తుంది. ‘మా జిల్లాలో వాన పెరిగింది’ అన్నవాళ్లను, ‘ఎడారి అయిపోతోంది’ అన్నవాళ్లను ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అని అడగాలి.

ఎల్ నినో అనగానే మొత్తం ఏడాదిని చెడ్డదిగా లెక్కించడమూ సరికాదు. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కే ఆ ఏళ్లలో నైరుతి బలహీనపడే అవకాశం ఎక్కువ. ఈశాన్య రుతుపవనాలు మాత్రం ఆగ్నేయ ద్వీపకల్పంలో మెరుగ్గా ఉండే మొగ్గు కనిపిస్తుంది. చెన్నై మునిగిన 2015 ఎల్ నినో ఏడాదే. అలాగని అది హామీ కాదు. 2023లో దేశం మొత్తానికి 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు వచ్చింది, రాయలసీమలో అక్టోబరు కూడా ఎండగట్టింది. ఆ ఖరీఫ్‌లో రాష్ట్రం ప్రకటించిన 103 కరువు మండలాల్లో ఎక్కువ భాగం సీమవే. దేశానికి 87 సెంటీమీటర్ల సగటు మీద ఏప్రిల్‌లో చెప్పే శాతం, జులైలో గొర్రు పట్టాలా వద్దా అన్న ప్రశ్నకు పనికిరాదు. దానికి దగ్గరగా వచ్చేది మండలం వారీగా, రోజువారీగా నమోదయ్యే అంకెలు, వాటి మధ్య ఖాళీగా ఉన్న గళ్లు.